వెచ్చని కొసన పాముపిల్ల

కిందటి వారం మనం జేచోన్ ఊళ్ళో, తాక్ జోంగ్‌మాన్ ఇంటి గుమ్మం ముందు కోడలు నారేని మంచులో నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో గుడ్డసంచి, సంచిలో పెన్సిలంత పాముపిల్ల. గుమ్మానికి అడ్డంగా మామగారు. "నా ఇంట్లో మనుషులకి చోటుంది, పురుగూపుట్రకి లేదు!" అని నాలుగిళ్ళవాళ్ళు వినేలా అరిచాడాయన. నారే ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అద్దె ఫ్లాటు గడువు తీరిపోయి, కొత్త ఫ్లాటు తాళాలు చేతికి రాక, మొగుడు గ్యూహో ఎక్కడో దక్షిణాన ఓడల కర్మాగారంలో ఉండగా, నెల్లాళ్ళు తలదాచుకోవడానికి అత్తవారింటికి వచ్చిన పిల్ల ఏం చెబుతుంది? చివరికి అత్తగారు ఓక్‌బున్ లోపలినుంచి వచ్చి, "పాము ఇంట్లోకొస్తే సిరి వచ్చినట్టేనని మా అమ్మ అనేది. జరుగయ్యా, చలి లోపలికొస్తోంది" అని మొగుణ్ణి భుజంతో నెట్టి, కోడలినీ పామునీ కలిపి లోపలికి లాక్కుపోయింది.

ఆ పాముపిల్ల పేరు హోంగ్సీ. బాగా మగ్గిన పర్సిమన్ పండులా ఎర్రనారింజ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పండు పేరే పెట్టారు. విషం లేదు, కోరలూ లేవు. బడికి వెళ్ళే రోజుల నుంచీ నారేకి పాముని పెంచుకోవాలని ఆశ. పుట్టింట్లో అడిగితే తిట్లు, హాస్టల్లో అడిగితే నవ్వులు. పెళ్ళయ్యాక గ్యూహో సరేనన్నాడు. గుడ్డులోంచి రాకముందే చెప్పి ఉంచుకున్న పిల్ల అది. తీరా తీసుకెళ్ళమని పెంపకందారు కబురు పెట్టేసరికి తమకే ఇల్లు లేకుండా పోయింది. దానికోసం కొన్న గాజుపెట్టె మిగతా సామానుతోపాటు గోదాములో ఉంది.

అందుకని ఓక్‌బున్ తన కిమ్చి పచ్చడి డబ్బా ఒకటి ఇచ్చింది. నాలుగువైపులా కొక్కేలతో మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా. వెల్లుల్లి వాసన పోవడానికి అత్తాకోడళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టారు, ఎండలో పెట్టారు, మళ్ళీ కడిగారు. ఎంత కడిగినా లోపల ముక్కు పెడితే పోయినేటి కిమ్చి ఎక్కడో ఉన్నట్టే ఉంది. నారే కాల్చిన ఊచతో డబ్బా పక్కల చిన్న చిన్న కన్నాలు పెట్టింది. అడుగున కాగితం రుమాళ్ళు పరిచి, దాక్కోవడానికి నూడిల్స్ కప్పు ఒకటి బోర్లించి, దానికో గుమ్మం కోసి, నీళ్ళకి పచ్చడి గిన్నె పెట్టింది. డబ్బా కింద ఒక మూలకి మాత్రమే వచ్చేలా కరెంటు మీద వెచ్చబడే చిన్న వేడిచాప ఒకటి పరిచింది. ఆ మొత్తాన్ని వెనక గదిలో, తలుపు పక్క పొట్టిబల్ల మీద పెట్టింది.

"ఒకవైపు వెచ్చగా, ఒకవైపు చల్లగా ఉండాలి అత్తయ్యా. ఎటు కావాలంటే అటు తనే పోతుంది. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకండి" అంది. ఆ మాట పేపరు వెనక కూర్చున్న మామగారికి కూడా వినబడేలానే అంది.

వినబడింది. కానీ జోంగ్‌మాన్‌కి వినబడింది వేరు, అర్థమైంది వేరు.

ఆయన రాతినేలలు వేసే మేస్త్రి. కట్టెల పొయ్యిలో పుట్టిన సెగ గది అడుగున రాళ్ళ మధ్య దారుల్లో తిరిగి తిరిగి, తన వేడంతా రాళ్ళకిచ్చేసి, అటు చివర గొట్టంలోంచి చల్లబడి పోవాలి. ఆ దారులు కట్టడంలో చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. ఇప్పుడందరి ఇళ్ళలోనూ నేల కాచేది బాయిలర్లే, ఆయన ఇంట్లో కూడా మిగతా గదులకు బాయిలరే. వెనక గది ఒక్కటీ పెళ్ళికి ముందు తన చేతుల్తో వేసుకున్న రాతినేల. అందులో ఎవరూ పడుకోరు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, నేల మీద అరచెయ్యి ఆనించి, "చూశారా, పొద్దున్న వెలిగిస్తే రేపటిదాకా చల్లారదు" అని చెప్పుకోవడానికి ఉంచుకున్నాడు. ఆ నేల పేరు వినే కొండమీది బౌద్ధాశ్రమంవాళ్ళు వసంతంలో తమ ధ్యానమందిరానికి నేల వేయమని అడిగారు. నేల ఒకసారి చూసి ఖాయం చేయడానికి వాళ్ళ పెద్ద భిక్షువు ఈ వారంలోనే వస్తానన్నాడు. ఇదే నా ఆఖరి పని అని జోంగ్‌మాన్ ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

అలాంటివాడికి, ఆ గదిలో తలుపు పక్కన పెట్టిన డబ్బా ఎలా కనిపిస్తుంది? పొయ్యి ఉన్న కొస పెద్దలది, అతిథిది. ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని అక్కడికి లాగి కూర్చోబెట్టాలి. తలుపు కొస అంటే పిలవకుండా వచ్చినవాళ్ళకి. తను గుమ్మంలో అన్ని మాటలన్నాడు కాబట్టే కోడలు భయపడి తన పాముని తలుపు కొసన సర్దుకుందనుకున్నాడు జోంగ్‌మాన్. మూడు రోజులుగా ఆ డబ్బా కనబడినప్పుడల్లా ఆయనకి తలవంపులుగా ఉంది. నోరు తెరిచి "నాది తప్పమ్మా" అంటే పోయేదానికి, ఆ ఒక్కటీ ఆయన వల్ల కాలేదు. కొందరు మొగాళ్ళకి బండరాయి ఎత్తడం తేలిక, ఆ మాట ఎత్తడం కష్టం.

ఆ పొద్దున నారే ఫ్లాటు పని మీద పక్క పట్నం వోంజు వెళ్ళింది. బస్సు మలుపు తిరిగిందో లేదో, జోంగ్‌మాన్ వెనక గది పొయ్యి అంటించాడు.

"ఇవాళ ఎవరొస్తున్నారని?" అంది ఓక్‌బున్ ముల్లంగి తరుగుతూ.

"ఎవరూ రావట్లేదు."

"మరి ఆ కట్టెలు ఎవరికి? సొమ్మేమన్నా ఎక్కువైందా?"

ఆయన గదిలోకి పోయి, పొట్టిబల్ల మీది డబ్బాని రెండు చేతులా పట్టుకుని, తలకాయ వీలైనంత వెనక్కి వాల్చి, మండే కుంపటి మోస్తున్నవాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ పొయ్యి కొసకి తెచ్చాడు. తెచ్చి, నేలకి అంటించిన నూనె కాగితం గోధుమరంగుకి మాడిన చోట, సరిగ్గా తన తల్లి కూర్చునే చోట పెట్టాడు.

"ముట్టుకోవద్దంది కదయ్యా ఆ పిల్ల!"

"నీకేం తెలుసే? చుట్టాన్ని తలుపు దగ్గర కూర్చోబెడతారా ఎవరైనా?"

"చుట్టమా? మొన్న పురుగన్నావు."

"మొన్న మొన్నే. పో, నీ ముల్లంగి చూసుకో."

ఓక్‌బున్ నవ్వుకుంటూ పోయింది. మొగుడు దారికొస్తున్నాడని ఆమెకి లోపల సంతోషమే.

జోంగ్‌మాన్ నేల మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. ఇంకా చాలదనుకుని వెళ్ళి రెండు కట్టెలు తోశాడు. మళ్ళీ వచ్చి చెయ్యి ఆనించాడు, మళ్ళీ వెళ్ళి తోశాడు. ఇలా మధ్యాహ్నం దాకా తిరిగాడు. ఒకసారి వచ్చి చూసేసరికి డబ్బా మూతకి లోపలివైపు నీటిబొట్లు పట్టాయి. ఊపిరాడక దానికి చెమటలు పడుతున్నాయేమోనని జాలేసింది. ఒకవైపు కొక్కేలు రెండూ విప్పి మూత కొంచెం వదులు చేశాడు. వేడి పోకుండా పైన దుప్పటి కప్పాడు. పూర్వం పొద్దుపోయి ఇంటికొచ్చే వాళ్ళకోసం అమ్మ అన్నంగిన్నె అలాగే కప్పి ఉంచేది. కప్పి, ఎవరూ చూడ్డం లేదని రూఢి చేసుకుని, దుప్పటితో అన్నాడు: "ఏమీ అనుకోకు."

* * *

నారే సాయంత్రం వస్తానని చెప్పింది. కానీ తాళాలు ఇవ్వాల్సినవాడు ఇంకో వారం అన్నాడట, అందుకని మూడింటి బస్సుకే తిరిగొచ్చేసింది. చేతిలో కాగితం సంచి, దాన్లో చేప ఆకారపు వేడి రొట్టెలు.

"మామయ్యా, ఎర్రచిక్కుళ్ళ ముద్ద పెట్టినవే తెచ్చాను. మీగడ పెట్టినవి మీకు నచ్చవని అత్తయ్య చెప్పారు."

జోంగ్‌మాన్‌కి రొట్టె చేతిలో పెట్టి, మఫ్లరు విప్పుకుంటూ వెనక గదిలోకి తొంగిచూసింది. పొట్టిబల్ల మీద వేడిచాప ఒక్కటే ఉంది.

"అత్తయ్యా, డబ్బా ఏది?"

ఓక్‌బున్ మొగుడి మొహం చూసింది. రొట్టె తోక కొరికిన నోటితో అలాగే ఉండిపోయాడాయన. చెప్పబోతాడని ఒక్క క్షణం చూసింది. చెప్పేలా లేడు. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో మొగుడి పరువు కాపాడుతూ వచ్చిన అలవాటు కొద్దీ ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనేనే అమ్మాయ్, వెచ్చగా ఉంటుందని పొయ్యి కొసకి జరిపాను. ముసలిదాన్ని, తెలియక చేశాను."

నారే మొహంలో రంగు మారింది. పెదవులు బిగించింది. అత్తగారి మీద విరుచుకుపడే వీల్లేదు, ఉన్న కోపం మింగనూ లేకపోయింది. ఆ పిల్ల నిలబడ్డ చోటే రెండు చేతులూ ముందు కలిపి తల వంచింది.

"తప్పు నాదే అత్తయ్యా. సరిగ్గా చెప్పాల్సింది. అసలు ఉండడానికి మాకే చోటు లేనప్పుడు తీసుకురాకుండా ఉండాల్సింది. మామయ్యని కూడా ఇబ్బంది పెట్టాను. క్షమించండి మామయ్యా."

జోంగ్‌మాన్ నోట్లో తీపి ముద్దని ఒక బుగ్గకి తోశాడు. తప్పు చేసింది తను. అబద్ధమాడింది పెళ్ళాం. క్షమాపణ చెప్పింది కోడలు. ముగ్గురిలోనూ నోరు మెదపకుండా కూర్చుని రొట్టె తింటున్నది తనొక్కడే. చెవులు రెండూ భగ్గుమన్నాయి. జీవితంలో చాలామంది ముందు చాలాసార్లు తల వంచుకున్నాడు గాని, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. మామగారినన్న హోదా ఆ క్షణంలో ఒంటిమీద ఎవరిదో అరువు కోటులా అనిపించింది.

"అది కాదు" అన్నాడు.

ఇద్దరూ అటు తిరిగారు.

"మీ అత్త కాదు. నేను. నేనే జరిపాను. కొక్కేలు కూడా నేనే విప్పాను."

"కొక్కేలు విప్పారా?" నారే గొంతు కీచుమంది. ఇంకేం వినకుండా గదిలోకి పరుగెత్తింది.

వెనకే ఇద్దరూ వెళ్ళారు. ఆమె దుప్పటి లాగి పడేసింది. మూత ఒక మూల లేచి ఉంది. కాగితం రుమాళ్ళు తడిసి ముద్దయ్యాయి. పచ్చడి గిన్నెలో వేలు ముంచి తీసింది. తాగబోయే టీ అంత వేడిగా ఉన్నాయి నీళ్ళు. నూడిల్స్ కప్పు ఎత్తింది. దాని కింద ఏమీ లేదు.

"హోంగ్సీ..." అంది, పిలిస్తే పలుకుతుందన్నట్టు. నేల వెతకడానికి మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి ఆనించింది. ఆనించీ ఆనించకముందే చెయ్యి విదిలించుకుని లేచింది.

"అమ్మో! మామయ్యా, కాలిపోతోంది నేల!"

"కాలడమేంటి? గోరువెచ్చగా కూడా ఎక్కలేదు పూర్తిగా" అన్నాడు జోంగ్‌మాన్. ఆయనకది అవమానంగా తోచింది. తప్పు చేశాడే గాని, తన నేల గురించి తనకే చెబుతారా? వంగి, కోడలు చెయ్యి తీసిన చోటే తన అరచెయ్యి బల్లపరుపుగా ఆనించాడు. "చూడు."

చూశారు. ఓక్‌బున్ చూసింది, నారే చూసింది. ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆయన మొహంలో చిన్న ముడత కూడా పడలేదు.

"చెయ్యి తియ్యండి మామయ్యా" అంది నారే నెమ్మదిగా.

"ఏం?"

"తియ్యండి."

ఓక్‌బున్ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి తిప్పింది. అరచెయ్యంతా కమిలిపోయి ఎర్రగా ఉంది. వేళ్ళ మొదళ్ళలో పాతవి, నల్లగా మానిన బొబ్బల మచ్చలు. అవి ఇన్నాళ్ళూ పనిలో వచ్చిన కాయలేననుకుంది ఆమె. ఒక మచ్చ మీద బొటనవేలితో రాసి చూసింది. 

"ఎన్నాళ్ళయిందయ్యా?"

"ఏది?"

"నాతో అడిగించుకోకు. ఎన్నాళ్ళయింది?"

జోంగ్‌మాన్ చెయ్యి వెనక్కి లాక్కుని, నిక్కరు తడుపుకున్న పసివాడిలా రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

"ముందటేడు చలికాలం నుంచి. వేళ్ళ కొసలతో మొదలై మోచేతిదాకా మొద్దుబారింది. అదే తగ్గుతుందనుకున్నాను."

"మరి ఆశ్రమం పని ఒప్పుకున్నావే?"

"చెబితే ఇస్తారా ఎవరైనా? చెయ్యి లేని మేస్త్రికి..."  కోడలి వైపు చూడాలంటే తల లేవలేదు. ఊళ్ళో ఎవరికి తెలిసినా ఇంత ఇదిగా ఉండేది కాదు. ఈ పిల్ల ముందు, తను వాకిట్లో నిలబెట్టి అరిచిన ఈ పిల్ల ముందు బట్టబయలవ్వాలా?

నారేకి జాలి వేయలేదు. వేయకపోవడం ఆమె తప్పు కూడా కాదు. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ముట్టుకోవద్దని ఒక్కటే చెప్పాను మామయ్యా. ఒక్కటే. ఈ ఇంట్లో గిన్నె నాది కాదు, పక్క నాది కాదు. నాదంటూ ఉన్నది అదొక్కటే. దాన్నే ఉడకబెట్టారు."

"మంచి చోటు కదా అని..." అన్నాడాయన.

"మీకు మంచి చోటు! దానికి కాళ్ళున్నాయా, చేతులున్నాయా, వేడిగా ఉందని లేచి పక్కకి జరగడానికి? డబ్బా మొత్తం ఒకటే వేడైతే ఎటు పోతుందది?"

 ఓక్‌బున్ కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని. అది బయటికి పోయింది కదా, అంటే ప్రాణాలతోనే పోయింది. ఎటు పోతుందో చెప్పు."

నారే కళ్ళు తుడుచుకుంది. "చల్లగా, ఇరుగ్గా ఎక్కడుంటే అక్కడికి."

ముగ్గురి చూపులూ తలుపు కొసన గోడకి ఆనించి ఉన్న పెద్ద బట్టల బీరువా మీదికి పోయాయి. ముగ్గురిలో ఒకరి చూపు వెంటనే తిరిగొచ్చేసింది.

"అక్కడ ఉండదు" అన్నాడు జోంగ్‌మాన్.

"ఎందుకుండదు?" అంది నారే.

"ఉండదన్నానుగా. వంటింట్లో చూడండి ముందు."

ఓక్‌బున్ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత స్వెటరు చేతులు పైకి లాక్కుని, బీరువాకి భుజం ఆనించింది. నారే రెండోవైపు పట్టింది. అది గీరుకుంటూ జానెడు, మూరెడు జరిగింది.

దాని వెనక నేల బీటలిచ్చి ఉంది. గోడ వారనుంచి గది మధ్యకి వంకరగా పాకిన బీట, అంచుల వెంట పొగచారలు. బంకమన్ను కూరి, పైన నూనె కాగితం ముక్క అంటించిన గుర్తులు. ఆ కాగితం ఎండి ఊడిపోయింది, మన్ను లోపలికి రాలిపోయింది.

"ఎండ పడుతోందని జరిపావు కదూ బీరువాని?" అంది ఓక్‌బున్. "ఉత్తరపు గోడకి ఎండేంటయ్యా అంటే కసురుకున్నావు."

జోంగ్‌మాన్ ఊడిన కాగితం ముక్కని కాలితో బీట మీదికి నెట్టాడు. ఆ నేలకి ఎన్ని చలికాలాలైనా వెంట్రుకవాసి బీట రాదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. చేతికి వేడి తెలియక, చాలలేదు చాలలేదని కట్టెలు తోసి తోసి ముందటేడు తనే పగలగొట్టుకున్నాడు. పగిలినరోజు ఒక్కడూ కూర్చుని ఏడ్చాడు కూడా. ఆ సంగతి ఈ బీరువాకి తప్ప ఎవరికీ తెలియదు.

నారే ఇవేవీ వినడం లేదు. చెంప నేలకి ఆనించి, ఫోను లైటు బీటలోకి పెట్టి చూస్తోంది.

"ఉంది! అదిగో తోక! రాయికీ మట్టికీ మధ్య... అయ్యో, ఇంకా లోపలికి పోతోంది."

"ఎటు?" అన్నాడు జోంగ్‌మాన్. ఆ ఒక్క మాటలో ఆయన గొంతు మారిపోయింది. "ఎడమకా, గోడవైపుకా?"

"ఎడమకి."

ఇంకేమీ అడగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మేజోళ్ళతోనే పెరట్లోకి పరుగెత్తాడు. పొయ్యిలోంచి మండే కట్టెలు ఒక్కొక్కటీ లాగి మంచులో పారేశాడు. చుయ్యిమంటూ పెరడంతా ఆవిరి కమ్మేసింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో రాళ్ళు కొట్టే సుత్తి ఉంది, రెండో చేతిలో గునపం.

"నిప్పు తీసేశారుగా మామయ్యా, ఇంక చల్లారుతుంది కదా?"

"రాయికి తెలియదమ్మా నిప్పు ఆరిందని. పొద్దుటి నుంచి తాగిన వేడి ఇప్పుడు ఇటు నడిచొస్తుంది. ఎడమ దారి గుడ్డిది, అటునుంచి బయటికి తోవ లేదు. చీకటి పడేసరికి అదీ పొయ్యిలాగే అవుతుంది." ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, బీటకి జానెడు అవతల నేలని వేలి కణుపుతో కొట్టి చూసుకున్నాడు. చేతికి తెలియకపోయినా చెవికి తెలుస్తోంది. "ఇక్కడ."

సుత్తి ఎత్తాడు. నారే గబుక్కున ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఆగండి మామయ్యా. ఎల్లుండి ఆశ్రమం నుంచి పెద్ద భిక్షువు వస్తారన్నారుగా, ఈ నేల చూడ్డానికి."

"రానీ."

"ఇది పగలగొడితే మీ పని పోతుంది."

"పోయిందమ్మా. ఇందాకే పోయింది, మీరిద్దరూ చూశారుగా."

"పాము కోసం మామయ్యా..." అంది. ఇందాక ఉడకబెట్టారని అరిచిన గొంతు కాదిది.

"నీ పాము కోసం" అన్నాడు జోంగ్‌మాన్. "వదులు."

వదిలింది. మొదటి దెబ్బకి నూనె కాగితం చిరిగి కింద మట్టి పగిలింది. రెండో దెబ్బకి ఓక్‌బున్ కళ్ళు మూసుకుంది. ఆ నేల మీదే ఆమె కొత్తకోడలిగా కూర్చుని అత్తగారికి మొదటి నమస్కారం పెట్టింది. గునపం దూర్చి మొత్తం బరువు వేసి నొక్కేసరికి పలకరాయి ఒకటి మూలిగి లేచింది. నల్లటి మసి గుప్పుమంది. ముగ్గురూ దగ్గారు.

కన్నం రెండు చేతులు పట్టేంత ఉంది. లైటు వేసి చూస్తే దారి అడుగు అవతల వంపు తిరిగిపోయింది, ఇంకేమీ కనబడలేదు. నారే చొక్కా చెయ్యి పైకి తోసి లోపలికి పెట్టబోయింది. వేళ్ళు తగిలీ తగలగానే కెవ్వుమని తీసేసింది. పొయ్యి వేడి అప్పుడే ఇక్కడి రాళ్ళదాకా నడిచొచ్చేసింది.

"నువ్వుండు" అని జోంగ్‌మాన్ తన చెయ్యి మోచేతి దాకా దింపాడు. వంపు ఎక్కడుందో, ఆ వంపులో రాయి ఎటు వాలుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. తనే పేర్చిన రాళ్ళవి. అటూ ఇటూ తడిమాడు. కాసేపటికి ఆ తడమడం ఆగిపోయింది.

"తగిలిందా?" అంది ఓక్‌బున్.

ఆయన తల ఎత్తలేదు. మసి పట్టిన మొహం మీద చెమట చారలు కట్టింది.

"తగిలినా నాకెలా తెలుస్తుందే?" అన్నాడు. "రాయో, మట్టో, పామో... నా చేతికి అన్నీ ఒకటే."

 దారి తెలిసిన చేతికి స్పర్శ లేదు. స్పర్శ ఉన్న చెయ్యి ఆ వేడికి ఆగదు. జోంగ్‌మాన్ చెయ్యి బయటికి తీసి, కోడలి వైపు చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి సూటిగా చూశాడు.

"ఒక పని చేద్దాం అమ్మాయ్. నా చెయ్యి కింద పెడతాను. నీది నా చేతి మీద వెయ్యి. రాయి నాకు తగులుతుంది, నీకు తగలదు. తోవ నేను చూపిస్తాను, పాముని నువ్వు చూడు."

"మీ చెయ్యి కాలుతుంది మామయ్యా."

"నాకు తెలియదుగా" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇన్నాళ్ళకి అది దేనికో ఒకదానికి పనికొచ్చింది. రా, వేడి నడిచొస్తోంది."

మామగారి చెయ్యి పట్టుకోవడం ఆ ఇంటి మర్యాద కాదు. నారే ఒక్క క్షణం తటపటాయించి, ఆయన పక్కనే నేల మీద బోర్లా పడుకుంది. పెద్ద చెయ్యి కింద, చిన్న చెయ్యి పైన. రెండూ కలిసి మోచేతిదాకా, భుజందాకా ఆ నల్లటి కన్నంలోకి దిగాయి. ఓక్‌బున్ వెనకనుంచి ఇద్దరి నడుములూ పట్టుకుని కూర్చుంది, వాళ్ళెక్కడ నేలలోకి జారిపోతారో అన్నట్టు.

"ఇక్కడ వంపు" అన్నాడు జోంగ్‌మాన్. "ఇప్పుడు ఎడమకి. వేళ్ళు ముడుచుకో, ఇరుగ్గా ఉంటుంది."

"ఆ... మట్టి తగులుతోంది."

"ఇంకొంచెం ముందుకి."

"మామయ్యా, మీ చేతి మీదున్న నాకే సెగ తగులుతోంది. కింద మీకు..."

"నా గొడవ నీకెందుకు? ముందుకి పద."

 నారే చెంప నేలకి అదిమిపెట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా బిగుసుకుంది.

"అందింది."

"బతికుందా?" అన్నాడు జోంగ్‌మాన్.

 నారే అరచేతి కింద, ఆయన చేతి పైచర్మం తడితడిగా ఊడి జారినట్టయింది. అదేమిటో అర్థమయ్యేసరికి ఆమె గొంతులోంచి సన్నటి ఏడుపు బయటికొచ్చింది.

"చెయ్యి తీసేయండి మామయ్యా. నేను పట్టుకున్నాను, మీరు ముందు చెయ్యి తీసేయండి!"

"నేను తీస్తే రాయి నీకు తగులుతుంది. బతికుందా లేదా, అది చెప్పు."

"తియ్యండి మామయ్యా!"

"చెప్పమంటున్నానా!"

వెనకనుంచి ఓక్‌బున్ కోడలి నడుము వదిలేసి ముందుకి పాకింది. ఆ పిల్ల మొహం తిప్పి చూసింది. కళ్ళు ధారలు కడుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఆ ఏడుపు చేతిలో ఉన్న పాముకోసమో, చేతి కింద ఉన్న మనిషికోసమో ఎంత చూసినా ఓక్‌బున్‌కి తెలియలేదు.